ఏటికొప్పాక తరిమెన: తాడు దగ్గర మొదలైన చదువు

సొరుగుకి బిగించే చెక్క పిడి చూశారు కదా, గుండ్రంగా, నున్నగా ఉంటుంది. అది లేత్ మీద చేసిన పని. లేత్‌కి మన తెలుగులో పాత పేరే ఉంది: తరిమెన.

ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకకి వెళ్దాం. మోటార్లు రాకముందు అక్కడ తరిమెనకి ఇద్దరు కావాలి. ఒకరు తాడు లాగితే, ఇంకొకరు ఉలి పట్టేవారు. తాడుతో చెక్క ఓసారి ముందుకి, ఓసారి వెనక్కి తిరుగుతుంది. ముందుకి తిరిగేటప్పుడే కోత. వెనక్కి తిరిగేటప్పుడు ఉలి కాస్త వెనక్కి తీయాలి. ఇద్దరి లయా కలవకపోతే ముక్క పాడే! తాడు లాగేవాళ్లకి చూస్తూ చూస్తూనే ఉలి సంగతి తెలిసిపోతుంది. అసలు ట్రైనింగ్ అదేనని నాకనిపిస్తుంది.

కుంకుమ భరిణె చిన్నదే, కానీ మూత సరిగ్గా కూర్చోవాలి, అదే పరీక్ష. తర్వాత తిరిగే చెక్కకి రంగు లక్క ఆనిస్తే, రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుపు.

కరెంటు మోటారుతో స్పీడు పెరిగింది, తాడు దగ్గరి మనిషి అవసరం పోయింది. నేర్చుకునే చోటు కూడా దాంతోపాటే పోయింది. ఈ బొమ్మలకి 2017లో జీఐ గుర్తింపు, సహజ రంగుల కోసం పనిచేసిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చాయి, సంతోషమే. కానీ అంకుడు కర్ర కొరత ఉంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు పాడుచేయడానికి ముక్కలెక్కడివి?