అద్దాల తొట్టెలో చేపల వైద్యము

ఇంట అద్దాల తొట్టెలో రంగుచేపలను పెంచువారికి తెల్లచుక్కల వ్యాధి కొత్తది కాదు. నిన్నటివరకు ఉల్లాసముగా ఈదిన చేప నేడు రెక్కలు ముడుచుకొని, అడుగుననున్న రాళ్లకు ఒడలు రాచుకొనుచుండును. మరునాటికి మేనిపై ఉప్పురవ్వ చల్లినట్లు తెల్లని చుక్కలు పొడసూపును. కొలది దినములలో తొట్టె అంతయు శూన్యము కావచ్చును. ఈ చుక్కను తెలిసికొనిన చరిత్ర చిన్నదే అయినను, అందు వైద్యమునకెల్ల పనికివచ్చు విషయము కలదు.

చీనాదేశమున సోంగు వంశపు రాజుల కాలమునాటికే బంగారు చేపలను పెంచు వాడుక ఉండెను. కాని వానిని కొలనులలోను కుండలలోను ఉంచి పైనుండి చూచెడివారు. 1850లో లండను నగరపు రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్టు వారింగ్టన్ బంగారు చేపలను, ఒక నీటి మొక్కను, నత్తలను ఒక్కచోట నుంచి, నీరు తరచుగా మార్చకయే అవి బ్రతుకగలవని నిరూపించెను. మొక్క ప్రాణవాయువు నిచ్చును. కుళ్లిన ఆకులను నత్తలు తినును. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో చేపల శాలను తెరచిరి. నాటినుండి జనులు చేపను ప్రక్కనుండి చూడసాగిరి. చేపతోపాటు దాని రోగమును వారి కంటబడెను.

1876లో ఫూకే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు తెల్లచుక్కకు కారణమైన జీవిని వర్ణించి, ఇక్థియోఫ్తిరియస్ మల్టీఫిలిస్ అని పేరిడెను. పెక్కు సంతానము గల చేపపేను అని దాని భావము. నిజమునకు అది పేను కాదు. ఒకే కణము గల ప్రాణి. 1904లో మ్యూనిక్ నగరమున బ్రూనో హోఫర్ చేపల వ్యాధులను గూర్చి విపులమైన గ్రంథమును ప్రకటించెను. దానితో చేపల వైద్యము ఒక శాస్త్రముగా నిలద్రొక్కుకొనెను.

మందు వచ్చిన త్రోవ వేరు. ఫూకే ఆ జీవిని వర్ణించిన 1876లోనే జర్మనీలో హైన్రిఖ్ కారో గుడ్డల అద్దకమునకై మెథిలీన్ బ్లూ అను నీలిరంగును తయారుచేసెను. 1891లో పాల్ ఏర్లిఖ్ దానిని మలేరియా రోగులకిచ్చి పరీక్షించెను. కాలక్రమమున ఆ నీలిరంగును, మాలకైట్ గ్రీన్ అను పచ్చరంగును చేపల తొట్లలోనికి మందులుగా వచ్చినవి.

అయినను మందు వేసినవారందరును చేపలను దక్కించుకొనలేదు. ఏలయన, చుక్కగా కనబడు దశలో ఆ జీవి చేప చర్మము క్రింద దాగియుండును. నీటిలోని మందు దానిని చేరదు. పెరిగిన పిమ్మట అది చేపను విడిచి, అడుగునకు జారి, తనచుట్టు గూడు కట్టుకొని వందలకొలది పిల్లలుగా చీలును. చుక్కలు రాలుట చూచి యజమాని రోగము కుదిరినదని మందు మానును. వ్యాధి పెరుగుచున్న సమయము సరిగా అదియే. గూడు వెడలిన పిల్లలు ఒకటి రెండు దినములలో చేపను పట్టుకొనలేకున్న నశించును. మందునకు చిక్కునది ఆ వేళలోనే. 25 డిగ్రీల సెంటిగ్రేడు వెచ్చదనమున ఈ చక్రము సుమారు ఒక వారమున ముగియును; చల్లని నీటిలో వారములకొలది సాగును. అందుచేత నీటిని మెల్లగా 28 మొదలు 30 డిగ్రీలవరకు వేడిచేసి, చుక్కలు రాలిన పిదపను చికిత్సను కొన్నిదినములు సాగింపవలెను. వేడినీటిలో ప్రాణవాయువు తగ్గును గనుక గాలిబుడగలను హెచ్చింపవలెను.

మందుకంటె ముందు నిదానము ముఖ్యము. బంగారు చేపలలో మగదానికి ఈడు వచ్చినప్పుడు మొప్పల మూతలపైనను, ముందురెక్కల అంచునను తెల్లని బొడిపెలు వరుసగా లేచును. అది రోగము కాదు. బంగారు పొడి చల్లినట్లున్న పూత వేరొక పరాన్నజీవి పని. దూదివంటి పింజలు బూజువలన కలుగవచ్చును. చేపలన్నియు ఒక్కసారిగా నీటిపైకి వచ్చి నోళ్లు తెరచుచున్న, మందుసీసా వెదకుటకు ముందు నీటిలో కొంతభాగమును మార్చిచూడవలెను.

మాలకైట్ గ్రీన్ విషస్వభావము గలది. తినెడి చేపలకు దానిని వాడరాదని పెక్కు దేశములు నిషేధించినవి. పొలుసులు లేని చేపలు దాని ధాటికి త్వరగా లోబడును. కావున కొలత తప్పరాదు, వట్టిచేతితో తాకరాదు. అన్నిటికంటె సులభమైన ఉపాయము మరియొకటి కలదు. కొత్తగా తెచ్చిన చేపను రెండు మూడు వారములు వేరు తొట్టెలో ఉంచి, ప్రతిదినము ప్రక్కనుండి పరిశీలించుటయే అది.