విలువిద్య చేతితొడుగు

విలువిద్య చేతితొడుగు అనగా వింటినారిని లాగి విడిచే చేతి వ్రేళ్ళకు రక్షణగా ధరించే తోలు తొడుగు. ఇది సాధారణంగా చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపువ్రేలు అనే మూడింటి కొనలను మాత్రమే కప్పుతుంది. చేతి వెనుకభాగం మీదుగా పోయే పట్టీల ద్వారా మణికట్టు వద్ద బిగించబడి ఉంటుంది. కుడిచేతి వాటం గల విలుకాడు దీనిని కుడిచేతికి, ఎడమచేతి వాటం గలవాడు ఎడమచేతికి ధరిస్తాడు. సంస్కృత గ్రంథాలలో దీనికి అంగుళిత్రం, అంగుళిత్రాణం అనే పేర్లు గలవు. యంత్రభాగాలు లేని సంప్రదాయ విల్లును ఉపయోగించేవారికి విల్లు, అమ్ముల తరువాత ముఖ్యమైన సాధనం ఇదే.

అవసరం

వింటిని పూర్తిగా లాగినప్పుడు దాని బలమంతా నారి ద్వారా రెండు లేక మూడు వ్రేళ్ళపై పడుతుంది. ఉదాహరణకు 40 పౌండ్ల విల్లు అంటే వ్రేళ్ళపై దాదాపు 18 కిలోల బరువు వ్రేలాడదీసినట్లే. నారి మందం రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు కాబట్టి ఆ బరువు చర్మంపై ఒక సన్నని గీతలో కేంద్రీకరించబడుతుంది. మూడు వ్రేళ్ళలోను నడిమివ్రేలిపై సాధారణంగా ఎక్కువ భారం పడుతుంది.

తొడుగు లేకుండా ఎక్కువసేపు సాధన చేసినచో మొదట చర్మం ఎర్రబారి బొబ్బలెక్కుతుంది, తరువాత కాయలు కాస్తుంది. ఇవి పైకి కనిపించే బాధలు. పైకి కనిపించని బాధ నరాలకు సంబంధించినది. వ్రేలికి ఇరుప్రక్కల సన్నని నరాలు చర్మానికి దగ్గరగా పోతుంటాయి. నారి వీటిని పదేపదే నొక్కుట వలన వ్రేలికొన తిమ్మిరెక్కుతుంది, మొద్దుబారుతుంది. విశ్రాంతి తీసుకొంటే ఇది చాలావరకు తగ్గిపోతుంది. తిమ్మిరిని లెక్కచేయక సాధన కొనసాగించినవారిలో స్పర్శజ్ఞానం వారాలు, నెలల తరబడి తిరిగి రాకపోవచ్చు. వ్రాత, కుట్టుపని వంటి సున్నితమైన పనులకు ఆ వ్రేళ్ళే ఆధారం గనుక విద్యార్థుల విషయంలో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.

తొడుగు వలన మరొక ప్రయోజనం కూడ గలదు. నొప్పికి భయపడే విలుకాడు నారిని సమంగా విడువలేడు. వ్రేళ్ళను ముందుగానే సడలించడమో, చేతిని ప్రక్కకు గుంజడమో చేస్తాడు. దానితో బాణం గురి తప్పుతుంది. నునుపైన తోలు మీదుగా నారి జారినప్పుడు విడుపు శుభ్రంగా ఉంటుంది.

ప్రాచీన సాహిత్యంలో

వాల్మీకి రామాయణం బాలకాండలో విశ్వామిత్రుని వెంట బయలుదేరిన రామలక్ష్మణులు గోధ, అంగుళిత్రాణములు ధరించినట్లు వర్ణన ఉన్నది. గోధ అనగా ఉడుము. ఉడుము చర్మం గట్టిగాను, వంగే గుణంతోను ఉండుట వలన దానితో చేసిన రక్షణకు కూడ ఆ పేరే వచ్చినది. వింటిని పట్టిన చేతికి నారి దెబ్బ తగలకుండా కట్టుకొనే తోలుపట్టీకి గోధ, తల, జ్యాఘాతవారణం అనే పేర్లను అమరకోశం పేర్కొన్నది. దీనిని బట్టి వ్రేళ్ళకు ఒకటి, ముంజేతికి ఒకటిగా రెండు వేర్వేరు రక్షణలు ఆనాడే తెలిసినవని చెప్పవచ్చును.

మహాభారతం విరాటపర్వంలో అర్జునుడు బృహన్నలగా మారినప్పుడు తన చేతులపై నారి ఒరిపిడి వలన ఏర్పడిన కాయలను గాజులతో కప్పిపుచ్చుకొంటాడు. ఆదిపర్వంలోని ఏకలవ్యుని కథలో ద్రోణుడు కుడి బొటనవ్రేలిని గురుదక్షిణగా అడుగుతాడు. అటుపై ఏకలవ్యుడు మిగిలిన వ్రేళ్ళతో బాణాలు వేసినా మునుపటి వేగం రాలేదని కథ చెబుతుంది. విలుకానికి వ్రేలు ఎంత విలువైనదో ఈ కథ తెలుగువారందరికీ తెలియజేసినది.

ఇతర దేశాలలో

నారిని లాగే పద్ధతిని బట్టి రక్షణసాధనం మారుతుంది. ఐరోపాలో మూడు వ్రేళ్ళతో లాగే పద్ధతి ఉండుట వలన అక్కడ వ్రేళ్ళ తొడుగు వాడుకలోకి వచ్చినది. 1545లో ఇంగ్లండులో వెలువడిన రోజర్ ఆస్కమ్ గ్రంథం టాక్సోఫిలస్‌లో చేతితొడుగు గురించి ప్రత్యేకంగా చర్చించబడినది. టర్కీ, మంగోలియా, కొరియా దేశాలలోను, మొగలుల కాలంనాటి భారతదేశంలోను బొటనవ్రేలితో నారిని లాగి, ఆ వ్రేలికి ఎముక, కొమ్ము, రాయి వంటి వాటితో చేసిన ఉంగరం తొడిగేవారు. షాజహాన్ బిరుదు చెక్కిన జేడ్ రాతి ఉంగరం హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉన్నది. జపాను విలుకాండ్రు బొటనవ్రేలి భాగం గట్టిపరచిన యుగకే అనే తొడుగును ధరిస్తారు.

ఉత్తరాంధ్ర విలువిద్య

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు పడమటి, ఉత్తర దిక్కులలో గల తూర్పుకనుమలలో సవర, జాతాపు, గదబ, కొండదొర మొదలగు గిరిజనులు నివసిస్తున్నారు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో సీతంపేట, గుమ్మలక్ష్మీపురం, కురుపాం, సాలూరు వంటి ఏజెన్సీ ప్రాంతాలు చేరినవి. సవరల భాషపై జీవితకాలం కృషి చేసిన గిడుగు వెంకట రామమూర్తి (1863-1940) శ్రీకాకుళం సమీపంలోని పర్వతాలపేటలో జన్మించాడు. ఆయన రచించిన సవర భాషా వ్యాకరణం 1931లో వెలువడినది.

ఈ కొండలలో విల్లంబులు వేటకు, పోడు పంటలను అడవి జంతువుల నుండి కాపాడుకొనుటకు తరతరాలుగా ఉపయోగపడినవి. సవరల గోడబొమ్మలలో విల్లు పట్టిన మనుషుల ఆకృతులు తరచుగా కనిపిస్తాయి. విశాఖ మన్యంలో చైత్రమాసంలో జరిగే ఇటుకల పండుగలో మగవారు విల్లంబులతో అడవికి వేటకు వెళ్ళడం ఆచారంగా ఉండేది. 1967-70 నాటి శ్రీకాకుళ గిరిజన పోరాటంలో కూడ విల్లంబులు గిరిజనుల చేతి ఆయుధాలుగా ఉన్నవి. వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) అమలులోకి వచ్చిన తరువాత వేట నేరం కావడంతో విల్లు క్రమంగా ఆచారానికి, ఆటకు పరిమితమవుతున్నది.

తూర్పుకనుమల గిరిజనులు సాధారణంగా ఉత్త వ్రేళ్ళతోనే విల్లు లాగుతారు. దీనిని చూసి ఆటగా నేర్చుకొనేవారికి కూడ తొడుగు అక్కరలేదని కొందరు భావిస్తారు. ఇది సరికాదు. రెండింటి నడుమ ఈ క్రింది తేడాలు ఉన్నవి:

* వేటగాడు రోజంతటిలో వేసే బాణాలు కొద్ది. క్రీడాకారుడు ఒక్కపూట సాధనలోనే వంద బాణాలు వేయవచ్చును.
* వేటగాడు నారిని లాగిన వెంటనే విడుస్తాడు. క్రీడాకారుడు గురి కుదిరేవరకు కొన్ని క్షణాలు పట్టి ఉంచుతాడు.
* తూర్పు, మధ్య భారతదేశపు గిరిజన విండ్లలో పలుచోట్ల వెదురు బద్దనే నారిగా కడతారు. బల్లపరుపుగా ఉండే బద్ద గుండ్రని సన్నని నారివలె వ్రేలిని కోయదు.
* పోడు, కట్టెలు కొట్టడం వంటి పనుల వలన గిరిజనుల అరచేతులు చిన్ననాటి నుండే గట్టిపడి ఉంటాయి.

కాబట్టి పెద్దల నేర్పును గౌరవిస్తూనే, కృత్రిమ దారపు నారి గల విల్లుతో సాధన చేసే ఆశ్రమ పాఠశాలల, కళాశాలల విద్యార్థులు తొడుగు వాడడం మంచిది.

రకాలు

* మూడు వ్రేళ్ళ తొడుగు: సంప్రదాయ విలువిద్యలో విరివిగా వాడబడేది. చేతివెనుక భాగం తెరచి ఉండుట వలన గాలి తగులుతుంది.
* పూర్తి తొడుగు: అయిదు వ్రేళ్ళను, అరచేతిని కప్పుతుంది. చలి ప్రదేశాలకు అనుకూలం. తీరప్రాంతపు ఉక్కపోతలో చెమట పట్టి అసౌకర్యంగా ఉంటుంది.
* తోలుబిళ్ళ (టాబ్): నారికి, వ్రేళ్ళకు మధ్య అడ్డుగా ఉండే చదునైన తోలుముక్క. ఒలింపిక్ పోటీలలోని రికర్వ్ విలుకాండ్రు ఎక్కువగా దీనినే వాడతారు. విడుపు శుభ్రంగా ఉంటుంది గాని, ప్రతిసారి సరిగా అమర్చుకోవలసి ఉంటుంది.
* బొటనవ్రేలి ఉంగరం: ఆసియా పద్ధతిలో లాగేవారికి మాత్రమే.

ఎంపిక

కొలత: తొడుగు హాయిగా ఉండడానికి మొదటి షరతు సరైన కొలత. నడిమివ్రేలి కొన నుండి మొదటి కణుపు వద్ద చుట్టుకొలతను దారంతో తీసుకోవాలి. మూడు వ్రేళ్ళ లావు ఒకటిగా ఉండదు కనుక ప్రతి వ్రేలిని విడిగా చూడాలి. వ్రేలికొన తొడుగు చివరను తాకుతూ ఉండాలి. కొన వద్ద ఖాళీ మిగిలితే నారి ఆ ఖాళీ తోలును పట్టి ముడుచుకొనేలా చేస్తుంది, విడుపు చెడుతుంది. మరీ బిగుతుగా ఉంటే రక్తప్రసారం తగ్గి వ్రేలు పాలిపోతుంది. తొడుగు ధరించి పిడికిలి పదిసార్లు మూసి తెరచినప్పుడు ఎక్కడా గుంజకుండా, జారకుండా ఉంటే కొలత సరిపోయినట్లే. ఎదిగే పిల్లల కొలతను ఏడాదికి ఒకసారైనా సరిచూడాలి.

మందం: తోలు మందం విల్లు బలాన్ని బట్టి ఉండాలి. 15-25 పౌండ్ల విల్లుతో నేర్చుకొనేవారికి పలుచని మేక తోలు చాలును. బలమైన వింటికి దళసరి ఆవు లేక గేదె తోలు, లేదా రెండు పొరల తోలు అవసరం. మందం పెరిగినకొద్దీ రక్షణ పెరుగుతుంది గాని నారి స్పర్శ తెలియడం తగ్గుతుంది. నొప్పి తెలియనంత మందం, నారి ఎక్కడ ఉన్నదో తెలిసేటంత పలుచన అనేది ఇక్కడ పాటించవలసిన సూత్రం.

కుట్లు: నారి ఆనే చోట, అనగా మొదటి కణుపు మడత వద్ద, కుట్టు ఉండరాదు. కుట్టు వ్రేలి ప్రక్కన గాని వెనుక గాని ఉండాలి. లోపలివైపు ముడి తగిలితే కొద్ది బాణాలకే పుండు పడుతుంది.

పట్టీ: మణికట్టు పట్టీ తొడుగును ముందుకు జారిపోకుండా పట్టి ఉంచాలి. వ్రేళ్ళు పూర్తిగా చాచినప్పుడు చేతివెనుక పట్టీలు బిగుసుకొనరాదు.

తోలు: మేక, ఆవు, గేదె తోళ్ళు సులభంగా లభిస్తాయి. గుర్రపు పిరుదుల తోలుతో చేసే కార్డోవన్ మన్నికకు, నునుపుకు పేరుపొందినది, ఖరీదెక్కువ. ప్రాచీన గ్రంథాలలో ఉన్నది కదా అని ఉడుము చర్మం, జింక చర్మం కొరకు ప్రయత్నించరాదు. ఉడుము, జింకలు వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద రక్షణ పొందుతున్నవి. వాటిని వేటాడడం, చర్మాన్ని అమ్మడం శిక్షార్హమైన నేరం.

బజారులో తగిన కొలత దొరకనప్పుడు చెప్పులు కుట్టే వారి చేత కుట్టించుకొనవచ్చును. ముందుగా కాగితంపై వ్రేళ్ళ ఆకారం కత్తిరించి, పాత గుడ్డతో నమూనా కుట్టి సరిచూసుకొన్న తరువాత తోలు కోయించడం మంచిది. నునుపైన వైపు బయటకు, అనగా నారి వైపుకు రావాలి.

వాడుక, సంరక్షణ

కొత్త తొడుగు మొదట బిరుసుగా ఉంటుంది. తేలికైన వింటితో కొన్ని రోజులు వాడితే వ్రేలి ఆకృతికి సరిపడా మెత్తబడుతుంది. నారి ఆనే చోట క్రమంగా చిన్న గాడి ఏర్పడుతుంది. స్వల్పమైన గాడి నారిని ఒకేచోట పట్టడానికి తోడ్పడుతుంది. గాడి లోతైతే నారి అందులో చిక్కుకొని విడుపు ఆలస్యమవుతుంది. అప్పుడు తొడుగు మార్చాలి.

ఉత్తరాంధ్ర తీరంలో గాలిలో తేమ ఎక్కువ. చెమటలోని ఉప్పు ఆరిన తరువాత తోలును గట్టిపరుస్తుంది. వానకాలంలో బూజు పడుతుంది. సాధన ముగిసిన తరువాత తొడుగును పొడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టాలి. ఎండలో గాని పొయ్యి దగ్గర గాని ఆరబెడితే తోలు బీటలు వారుతుంది. తేనెమైనం పలుచగా రాయవచ్చును. నూనె అధికంగా రాస్తే తోలు మెత్తబడి నారిని పట్టుకొంటుంది. వానకాలంలో రెండు తొడుగులను మార్చి మార్చి వాడుట మేలు. వ్రేళ్ళకు కొద్దిగా టాల్కం పౌడరు రాసుకొంటే చెమట వలన తోలు అంటుకోదు.

తొడుగు ఉన్నప్పటికీ వ్రేలికొన తిమ్మిరి మరునాటికి తగ్గకపోతే సాధన ఆపి తక్కువ బలం గల వింటికి మారాలి. అప్పటికీ తగ్గనిచో వైద్యుని సంప్రదించాలి.

పోటీలలో

అంతర్జాతీయ విలువిద్య సమాఖ్య (వరల్డ్ ఆర్చరీ) నిబంధనల ప్రకారం రికర్వ్ విభాగంలో తొడుగు, తోలుబిళ్ళ వంటి వ్రేళ్ళ రక్షణలు అనుమతించబడినవి. అయితే నారిని తానై పట్టి ఉంచే, విడిచే పరికరం వాటిలో ఉండరాదు. కాంపౌండ్ విభాగంలో రిలీజ్ ఎయిడ్ అనే మీటగల పరికరంతో నారిని విడుస్తారు కనుక తొడుగు అవసరం రాదు. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ కాంపౌండ్ విభాగంలో 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో మూడు స్వర్ణపతకాలు గెలుచుకొన్నది. విజయవాడకే చెందిన బొమ్మదేవర ధీరజ్ రికర్వ్ విభాగంలో 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పాల్గొన్నాడు. అంకితా భకత్‌తో కలసి మిశ్రమ జట్టు పోటీలో నాలుగవ స్థానం పొందాడు.

ఇవి కూడా చూడండి

* విలువిద్య
* ఏకలవ్యుడు
* సవరలు
* గిడుగు వెంకట రామమూర్తి
* పార్వతీపురం మన్యం జిల్లా