విడిభాగాల కంప్యూటరు

ఖాజాగూడలో మేము అద్దెకుండే ఇంటి కింది వాటాలో ఒక కుటుంబం ఉన్నది. తండ్రి ఐ.టి. ఉద్యోగులను కారులో ఆఫీసులకు చేరవేస్తాడు. కొడుకు 2023లో ఇంజనీరింగు రెండవ సంవత్సరంలోకి వచ్చినాడు. ఆ ఆగస్టు నెలలో ఒక సాయంత్రం తండ్రీకొడుకులిద్దరూ మెట్లెక్కి వచ్చి నా ముందు ఒక కాగితం పెట్టినారు. అది కుర్రవాడు వ్రాసుకొన్న కంప్యూటరు విడిభాగాల పట్టిక. మొత్తం 1,10,000 రూపాయలు తేలినది. తండ్రి కూడబెట్టినది 70,000.

"సార్, చదువుకంటడు, ఆటలకంటడు. రెండిటికీ పనికొచ్చేటట్టు చూడుండ్రి. ఒక్కసారి కొంటే ఐదేండ్లు నడవాలె" అన్నాడు తండ్రి.

నేను కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పేవాడినే గాని వ్యాపారిని కాను. అయినా ఆ పట్టిక చూడగానే నాకు తోచిన ప్రశ్న ధరను గురించినది కాదు. స్కూటరు కావలసినవాడు ఇంజను ఒక దుకాణంలో, చక్రాలు మరొక దుకాణంలో కొని ఇంటి వద్ద బిగించుకోడు. కంప్యూటరును మాత్రం అట్లా బిగించుకొంటున్నాము. తైవానులో తయారైన చిప్పు, చైనాలో అతికిన పలక, మరెక్కడిదో మెమొరీ, ఇవన్నీ ఒకదానినొకటి ఎన్నడూ చూడనివి, ఖాజాగూడలో ఒక బల్లమీద కలిసి పనిచేస్తున్నవి. ఇది ఎట్లా సాధ్యమైనది?

మొదట ఇట్లా లేదు. మన హైదరాబాదులోనే 1967లో అయ్యగారి సాంబశివరావుగారి నాయకత్వాన ఇ.సి.ఐ.ఎల్. వెలసినది. ట్రాంబేలో రూపొందిన టి.డి.సి.-12 అనే యంత్రంతో మొదలుపెట్టి ఆ సంస్థ దేశీయ కంప్యూటర్లను నిర్మించినది. ఆ కాలపు యంత్రాలు ఇక్కడివైనా అమెరికావైనా ఎవరిది వారిదే. ఒకరి మెమొరీ మరొకరి యంత్రంలో ఇమడదు. కొన్నవాడు కొన్న సంస్థకే కట్టుబడి ఉండవలసినదే.

ఈ కట్టు తెగిన తేదీ 1981 ఆగస్టు 12. ఆనాడు ఐ.బి.ఎం. తన పర్సనల్ కంప్యూటరును విడుదల చేసినది. పెద్ద పెద్ద యంత్రాలకు అన్ని భాగాలనూ తానే తయారు చేసుకొనే ఆ సంస్థ, ఈ చిన్న యంత్రాన్ని మాత్రం ఏడాదిలో ముగించవలెనన్న తొందరలో బజారులో దొరికే భాగాలతో కూర్చినది. ప్రాసెసరు ఇంటెల్ వారి 8088. అందులో 29,000 ట్రాన్సిస్టర్లు. వేగం సెకనుకు 47 లక్షల 70 వేల స్పందనలు. (ఈ వింత అంకె ఎక్కడిదని విద్యార్థులు అడుగుతూ ఉంటారు. అమెరికా రంగుల టెలివిజనుకు కావలసిన పౌనఃపున్యం నుంచి పుట్టిన స్ఫటికాన్నే ఇందులోనూ వాడి, దాని వేగాన్ని మూడుతో భాగించినారు. ఒక స్ఫటికం ఖర్చు మిగిలినది! పొదుపు ఈ యంత్రానికి పుట్టుకతోనే వచ్చిన గుణమన్నమాట.) లోపల కార్డులు గుచ్చడానికి ఐదు గాడులు ఉంచినారు. తెరమీద అక్షరం చూపించే పని సైతం ప్రధాన పలకది కాదు. దానికొక కార్డు వేరుగా కొనవలెను. నేటి గ్రాఫిక్స్ కార్డుకు అదే పూర్వీకురాలు. ఆ గాడులకు ఎవరైనా కార్డులు తయారు చేసుకొనవచ్చునని, యంత్రం చిత్రపటాలన్నిటినీ ఐ.బి.ఎం. పుస్తకంగా అచ్చు వేసినది.

తనదిగా అట్టిపెట్టుకొన్నది ఒక్కటే: బయాస్. స్విచ్చి వేయగానే ప్రాసెసరు మొట్టమొదట చదివే ఆదేశాల కట్ట ఇది. పెండ్లి ఇంటి గుమ్మంలో నిలిచిన పెద్దమనిషి వలె, మెమొరీ వచ్చినదా, తెర వచ్చినదా, డిస్కు ఉన్నదా అని ఒక్కొక్కరినే విచారించి, అందరూ ఉన్నారనుకొన్న తరువాత గాని పని ప్రారంభం కానివ్వదు. ఈ ఆదేశాలను కూడా ఆ పుస్తకంలో అచ్చువేసినారు గాని వాటిపై గ్రంథస్వామ్యం ఐ.బి.ఎం.ది. చూసి వ్రాస్తే చౌర్యం.

కాంపాక్ అనే కొత్త సంస్థ దీనికి ఒక ఉపాయం పన్నినది. ఒక బృందం బయాస్ ఏయే పనులు చేస్తున్నదో పరిశీలించి, ఆ పనులను మాత్రం వివరించినది. అసలు ఆదేశాలను ఎన్నడూ చూడని రెండవ బృందం ఆ వివరాలను బట్టి సొంతంగా వ్రాసినది. 1983లో వారి యంత్రం బజారుకు వచ్చినది. మరుసటి ఏటికి ఫీనిక్స్ అనే సంస్థ ఇట్టి బయాస్‌ను ఎవరికి కావలెనన్నా అమ్మజూపినది. అంతటితో తలుపులు తెరుచుకొన్నవి. తరువాత 1995లో ఇంటెల్ వారు ఎ.టి.ఎక్స్. కొలతలను ప్రకటించినారు. పలకకు మరలు ఎక్కడ బిగించవలెనో, కరెంటు తీగల కొస ఏ ఆకారంలో ఉండవలెనో నిర్ణయమైనది. ముప్పై ఏళ్లు గడిచినా మరల రంధ్రాలు అక్కడే ఉన్నవి. 2003 నాటి పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ గాడి సంగతీ ఇంతే: కొత్త కార్డును పాత గాడిలో గుచ్చినా, పాత వేగంతోనైనా, పనిచేయక మానదు.

ఇక ఆటల విషయం. కుర్రవాని పట్టికలో అతి పెద్ద లోపం ఇక్కడే ఉన్నది. ఎనిమిది కోర్ల ప్రాసెసరు, నీటితో చల్లబరిచే సరంజామా, రంగుల దీపాల క్యాబినెట్టు, 850 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్., ఇవన్నీ కొని, మిగిలిన సొమ్ముకు దొరికే గ్రాఫిక్స్ కార్డు వ్రాసుకొన్నాడు. నేను లెక్క వేసి చూపినాను. మనం కొనబోయే తెరమీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటవి. అనగా 20,73,600. సెకనుకు అరవై బొమ్మలు మారితే ఇంచుమించు 12 కోట్ల 44 లక్షల సార్లు, ఈ చుక్క ఏ రంగు, వెలుగు ఎటునుంచి పడుతున్నది అని తేల్చవలెను. ఏ చుక్క లెక్క దానిదే. ఒకదానికోసం మరొకటి ఆగనక్కరలేదు. కావున దీనికి ఆరుగురు మహాపండితులకంటె, చిన్న లెక్క మాత్రమే తెలిసిన వెయ్యిమంది గుమాస్తాలు మేలు. ఈ గుమాస్తాల కచేరియే గ్రాఫిక్స్ కార్డు. 1996లో త్రీడీఎఫ్ఎక్స్ వారి వూడూ కార్డు ఆటలకోసమే ఇళ్లలోకి వచ్చినది. 1999లో ఎన్విడియా వారు జీఫోర్స్ 256ను విడుదల చేస్తూ జి.పి.యు. అనే పేరును ప్రచారంలోకి తెచ్చినారు. నేడు ఆ ఎన్విడియాకూ, దాని ప్రత్యర్థి ఎ.ఎం.డి.కీ హైదరాబాదులోనే ఇంజనీర్ల కార్యాలయాలు ఉన్నవి. మా వీధివారి పిల్లలు కొనలేక తర్జనభర్జన పడే చిప్పులపై ఇక్కడ ఉద్యోగులు పనిచేస్తున్నారు. ఖాజాగూడ గుట్టల గ్రానైటులోనూ ఆ చిప్పులోనూ ఉన్న మూలకం ఒక్కటే, సిలికాను. గుట్ట వయస్సు మాత్రం సుమారు 250 కోట్ల సంవత్సరాలు. చిప్పుకు ఐదేండ్లు నిండితే ముసలితనం.

వస్తువు ఉన్నంత మాత్రాన మనకు అందదు గదా. 1978లో ఐ.బి.ఎం. మన దేశం విడిచి వెళ్లినది. దిగుమతి సుంకాల భారంతో ఇంటిలో కంప్యూటరు అన్నమాట చాలాకాలం ఊహగానే ఉన్నది. 1984 నవంబరులో ప్రకటించిన కొత్త కంప్యూటరు విధానం కొంత దారి తీసినది. 1991 సంస్కరణలు మరికొంత. 1998 నవంబరు 22న ప్రధానమంత్రి వాజపేయిగారు మాదాపూరులో సైబర్ టవర్సును ప్రారంభించేనాటికి, సమాచార సాంకేతిక వస్తువులపై సుంకాలు తొలగించే అంతర్జాతీయ ఒప్పందంలో భారతదేశం చేరి ఏడాది అయినది. 2005 నాటికి కంప్యూటరు భాగాలపై ఆ సుంకం పోయినది. 2017 తరువాత వస్తుసేవల పన్ను 18 శాతం వచ్చినది. మరి విడిభాగాల బజారు హైటెక్ సిటీలో పెరగలేదు. అది సికింద్రాబాదు పార్కులేనులో, చెనాయ్ ట్రేడ్ సెంటరులో ఉన్నది. సాఫ్టువేరు ఒక కొసన, హార్డువేరు మరొక కొసన!

2020 నుంచి రెండేళ్లపాటు ఈ బజారు గ్రాఫిక్స్ కార్డులకు కరవు చూసినది. మహమ్మారి వల్ల అందరూ ఇళ్లలో ఉండి కంప్యూటర్లు కొన్నారు. చిప్పుల కార్ఖానాలు అందుకోలేకపోయినవి. దానికి తోడు ఎథీరియం అనే అంకెల నాణెాన్ని తవ్వుకొనేవారు కార్డులను గంపగుత్తగా కొనివేసినారు. 2022 సెప్టెంబరులో ఎథీరియం తన పద్ధతిని మార్చుకొన్నది. ఆ తవ్వకం ఆగినది. కార్డుల ధరలు దిగినవి. మా కుర్రవానికి కాలం ఆ విధంగా కలిసివచ్చినది.

ఒక శనివారం ముగ్గురం రాయదుర్గంలో మెట్రో ఎక్కి పారడైజులో దిగినాము. నేను తిరగవ్రాసిన పట్టిక ఇది. ఆరు కోర్ల రైజెన్ 5 5600 ప్రాసెసరు సుమారు 12,500. దానికి గాలితో చల్లబరిచే పంకా ఉచితంగా వస్తుంది. ఆర్.ఎక్స్. 6600 గ్రాఫిక్స్ కార్డు 21,000; ఇందులో గుమాస్తాలు 1792 మంది, ట్రాన్సిస్టర్లు 1,106 కోట్లు. 16 గిగాబైట్ల మెమొరీ, ఎనిమిదేసి చొప్పున జంటగా, 3,500. ఒక టెరాబైటు ఎస్.ఎస్.డి. 4,500. మానిటరు 10,500. ముందు జల్లెడవంటి రేకు ఉండే క్యాబినెట్టు 3,500; మా పేటలో కట్టడాల దుమ్ము, మే నెల ఎండ ఎరిగినవారికి దీపాలకంటె గాలి ముఖ్యమని వేరే చెప్పనక్కరలేదు. కీబోర్డు, మౌసు 1,500.

ఎస్.ఎం.పి.ఎస్. వద్ద తండ్రి తగ్గిద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. విద్యార్థిగా ఉన్నప్పుడు నేను ఒక దుకాణంలో పేరులేని ఎస్.ఎం.పి.ఎస్. చవకగా కొన్నాను. ఏడు నెలలకు అది కాలిపోతూ మదర్‌బోర్డును కూడా వెంట తీసికొని పోయినది. మా నాన్నగారు ఆ డబ్బు ఎట్లా సర్దినారో నాకు తెలుసు. ప్రాసెసరు 76 వాట్లు, కార్డు 132, మిగతావి ఒక 50, వెరసి 260 లోపు. 850 వాట్లు అనవసరం. కాని నమ్మదగిన 550 వాట్లది ఉండవలసినదే. 4,000.

మిగిలినది మదర్‌బోర్డు. అసలు చిక్కు దానితోనే. దుకాణదారు బి-450 పలక ఒకటి తీసి 6,500కు ఇస్తానన్నాడు. ఈ రకం 2018లో వచ్చినది. ప్రాసెసరు కూర్చునే గూడు ఎ.ఎం.4, అది 2016 నుంచీ మారలేదు. కాబట్టి 5600 అందులో చక్కగా అమరుతుంది. ఇక కార్డుకు దొరికేది పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ మూడవ తరం గాడి. 6600 కార్డు ఎనిమిది దారులు మాత్రమే వాడుకొంటుంది గనుక కొంత వేగం పోతుంది. ఆ నష్టం ఆటలో కనిపించేటంతటిది కాదని, మిగిలే మూడు నాలుగు వేలు మానిటరుకు కావలెనని నిశ్చయించినాను. అయితే అమరడం వేరు, గుర్తించడం వేరు. 2018 నాటి బయాస్‌కు 2022లో పుట్టిన ప్రాసెసరు ఎవరో తెలియదు. తెలియనివానికి గుమ్మంలో ప్రవేశం లేదు; తెర నల్లగా ఉండిపోతుంది. 2020 మేలో ఎ.ఎం.డి. వారు, ఈ పలకల బయాస్ చిప్పులో స్థలం చాలదు గనుక కొత్త ప్రాసెసర్లకు ఇవి పనికిరావని ప్రకటించినారు. కొన్నవారు గోల చేయగా రెండు వారాలు తిరగకముందే మాట మార్చుకొన్నారు. ఆ గోలయే లేకపోతే మా 70,000 లెక్క కుదిరేది కాదు.

పెట్టెమీద 5000 వరుస ప్రాసెసర్లకు సిద్ధమని చెప్పే చీటీ ఉండవలెను. లేదు. "సార్, పెట్టండి, నడుస్తది" అన్నాడు దుకాణదారు. నడవకపోతే ఖాజాగూడ నుంచి మళ్లీ రావలెను. మా ముందే బయాస్ మార్చి ఇస్తేనే కొంటామన్నాను. అతడు కొంచెం విసుక్కొన్నా, లోపలినుంచి ఒక పాత రైజెన్ ప్రాసెసరు తెచ్చి పలకకు పెట్టి, పెన్‌డ్రైవుతో కొత్త ఆదేశాలు ఎక్కించినాడు. పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ కరెంటు పోకూడదని కుర్రవాడు సీలింగు ఫ్యానును చూస్తూ నిలుచున్నాడు. తరువాత మా 5600ను పెట్టి వెలిగిస్తే తెరమీద పేరు వచ్చినది.

బిల్లు 67,500. ఆ పట్టికను నేడు ఎవరైనా అట్లే పట్టుకొని వెళితే ఉపయోగం లేదు. 2025 చివరలో కృత్రిమ మేధ కేంద్రాలకోసం మెమొరీకి గిరాకీ పెరిగి, ఆనాడు చవకగా దొరికిన ర్యాము ధర కొన్ని రెట్లు పెరిగినది. కార్డు పోయి మెమొరీ వచ్చినది, కరవు మాత్రం అదే.

ఆ రాత్రి వారి ముందుగదిలో చాప పరిచి బిగించినాము. కుర్రవాడు మరలు తిప్పినాడు, నేను టార్చి పట్టినాను. పదకొండు దాటిన తరువాత స్విచ్చి వేస్తే బయాస్ తెర వెలిగి ప్రాసెసరు, మెమొరీ, డిస్కు పేర్లను వరుసగా చూపినది. కుర్రవాడు తొందరగా ముందుకు పోబోయినాడు. తండ్రి ఆగమని చేయి అడ్డుపెట్టి, జేబులోనుంచి బిల్లు తీసి, తెరమీది పేర్లతో ఒక్కొక్కటే సరిచూసుకొన్నాడు.