ఉంగరం అమ్మిన కుర్రాడు, వేషం దొరకని నటుడు

విజయనగరం సంగీత కళాశాల తలుపులు మూసి ఉన్నాయి. వేసవి సెలవులు. సంగీతానికి కూడా సెలవులుంటాయన్న సంగతి కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఆ కుర్రాడికి తట్టలేదు. వేలికున్న బంగారు ఉంగరాన్ని వచ్చినంతకు అమ్మేసి, ఆ డబ్బుతో అంత దూరం వచ్చాడు. తిరిగి వెళ్లాలన్నా చేతిలో ఏమీ మిగల్లేదు. అసలు తిరిగి వెళ్లే ఉద్దేశమే లేదు.

అతని పేరు వెంకటేశ్వరరావు, ఇంటిపేరు ఘంటసాల. పుట్టింది గుడివాడ దగ్గర చౌటపల్లిలో, 1922 డిసెంబరు 4న. తండ్రి సూరయ్య మృదంగం వాయించేవారు, నారాయణతీర్థుల తరంగాలు పాడేవారు. తండ్రి భుజమెక్కి భజనలకు వెళ్లిన పిల్లవాడు ఆ తరంగాలకు ఆడుతుంటే జనం ‘బాల భరతుడు’ అని ముద్దుగా పిలిచేవారు. ఆ ముద్దు మురిపాలు ఎన్నాళ్లో సాగలేదు. పదకొండో ఏట తండ్రి పోయాడు. పోతూ పోతూ కొడుకుని అడిగింది ఒక్కటే, సంగీత విద్వాంసుడివి కమ్మని. తల్లి రత్తమ్మ పిల్లల్ని తీసుకుని తమ్ముడి పంచన చేరింది.

తండ్రికిచ్చిన మాట నిలబెట్టుకోవాలంటే గురువు కావాలి. ఇద్దరి దగ్గర చేరి చూశాడు. బట్టలుతకడం, ఇంటి చాకిరీ చేయడం బాగానే వచ్చాయి, పాట మాత్రం రాలేదు. గురుకులవాసం పేరుతో మన ఊళ్లలో ఎంతమంది పిల్లలు ఇలా బిందెలు మోసి ఊరుకున్నారో లెక్కపెట్టినవాళ్లు లేరు. ఈ కుర్రాడు మాత్రం ఊరుకోలేదు, ఉంగరం అమ్మాడు.

అప్పట్లో ఆ కళాశాలకు ప్రిన్సిపాల్ ఫిడేలు నాయుడుగారు, ద్వారం వెంకటస్వామి నాయుడు. సెలవులైనా సరే, కుర్రాణ్ణి కళాశాల ఆవరణలోనే ఉండనిచ్చారు. ఊళ్లో కొన్ని ఇళ్లవాళ్లు వారాలు ఒప్పుకున్నారు. రోజుకో ఇంట భోజనం, రాత్రికి కళాశాల అరుగు. ఇక గట్టెక్కినట్టే అనుకునేసరికి తోటి కుర్రాళ్లు చేసిన తప్పు ఇతని మీద పడింది. ఆవరణ ఖాళీ చేయమన్నారు. నింద మోసినవాడికి అన్నం పెట్టడమేమిటని వారాల ఇళ్లవాళ్లూ రావద్దన్నారు. ఒక్క రోజులో గూడూ పోయింది, కూడూ పోయింది. ఎల్లమ్మ గుడిలో తలదాచుకున్నాడు.

ఆ గుడికి వచ్చినాయన పట్రాయని సీతారామశాస్త్రి. సాలూరు చినగురువుగారంటే ఉత్తరాంధ్రలో సంగీతం తెలిసిన ప్రతివారికీ గౌరవం. ఆయన ఆ కళాశాలలోనే గాత్రం చెప్పేవారు. ఎవరు, ఏమిటని కుర్రాణ్ణి అడిగారు. విన్నారు. ఇంటికి రమ్మన్నారు. నింద నిజమా కాదా అని పంచాయితీ పెట్టలేదు. పైసా తీసుకోకుండా పాఠం మొదలుపెట్టారు.

పాఠమైతే చెప్పగలరు గానీ రెండు పూటలా అన్నం పెట్టే స్తోమత ఆ గురువుగారికి లేదు. ఆయన సంసారమే అంతంతమాత్రం. ఆకలితో ఉన్న కుర్రాడికి ఒక సాధువు తారసపడి, భుజాన జోలె కట్టి, మాధుకరం ఎలా ఎత్తాలో నేర్పాడంటారు. ఏ వీధికి ముందు వెళ్లాలి, గుమ్మం ముందు ఎంతసేపు నిలబడాలి, లేదు పొమ్మంటే మొహం ఎలా పెట్టుకోవాలి, ఇవన్నీ ఏ సంగీత కళాశాలా నేర్పదు. పొద్దున వీధులు తిరిగి తెచ్చుకున్న అన్నం కొంత తిని, మిగిలింది గుడ్డలో మూటగట్టి రాత్రికి దాచుకునేవాడు. రాత్రి మూట విప్పితే చీమలు. చివరికి మేనమామకు ఉత్తరం రాసి, ఆయన పంపిన డబ్బుతో ఒక డబ్బా కొనుక్కున్నాడు. తెలుగువాళ్లు తరతరాలుగా వింటున్న గొంతుకు ఆ రోజుల్లో ఉన్న స్థిరాస్తి ఆ డబ్బాయే.

సెలవులు అయ్యాయి, కళాశాల తెరిచారు, అందులో చేరాడు. చదువు పూర్తి చేశాడు. అక్కడి నుంచి కథ సాఫీగా సాగిందనుకుంటే పొరపాటు. సొంత ఊరి వైపు వచ్చి ఉత్సవాల్లో, పెళ్లిళ్లలో కచేరీలు చేశాడు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో దిగి, జైలుకు వెళ్లొచ్చాడు. 1944లో మేనకోడలు సావిత్రితో పెళ్లి. ఆ సాయంత్రం పెళ్లి కచేరీ పెళ్లికొడుకే చేశాడని చెబుతారు. వేరే విద్వాంసుణ్ణి పిలిచే ఖర్చు తప్పిందని నేననుకుంటాను.

కాసేపు ఘంటసాలను ఇక్కడే ఉంచి గోదావరి దాటి వెళ్దాం.

రేలంగి వెంకట్రామయ్య ఘంటసాల కంటే పన్నెండేళ్లు పెద్ద. 1910లో రావులపాలెం పక్కన రావులపాడులో పుట్టాడు. ఊహ తెలియకముందే తల్లి పోయింది. తండ్రికి హరికథ వచ్చు, సంగీతం వచ్చు, రెండూ పదిమందికీ నేర్పేవాడు. కొడుక్కీ అవి వంటబట్టాయి. కాకినాడలో పెరుగుతూ నాటకాల్లోకి దిగాడు, ఆడవేషాలతో మొదలుపెట్టి. అక్కడి యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు ఆ రోజుల్లో పెద్ద బడి. ఎస్.వి. రంగారావు, అంజలీదేవి, ఆదినారాయణరావు కూడా ఆ బళ్లోంచి వచ్చినవాళ్లే.

హాస్యనటుడి గురించి మాట్లాడేటప్పుడు మనం మొహం గురించి, నడక గురించి చెప్పుకుంటాం. రేలంగి హాస్యానికి వేరు హరికథలో ఉందని నా నమ్మకం. హరిదాసు మూడు గంటల పాటు ఒక్కడే జనాన్ని కూర్చోబెట్టాలి. సీత ఏడుపు మధ్యలో ఒక పిట్టకథ చెప్పి నవ్వించి, ఆ నవ్వు చల్లారకముందే మళ్లీ అశోకవనంలోకి తీసుకుపోవాలి. ఎక్కడ ఆపాలి, ఎక్కడ అందుకోవాలి అన్నది తాళం తెలిసినవాడికే తెలుస్తుంది. రేలంగి డైలాగు చెప్పే తీరు ఒకసారి జాగ్రత్తగా వినండి. మాటకూ మాటకూ మధ్య ఆయన వదిలే జాగా కొలిచి వదిలినట్టుంటుంది.

ఇంత సరుకుండీ ఏం లాభం? 1935లో ‘శ్రీకృష్ణ తులాభారం’తో సినిమాలో కనిపించాడు. అప్పటికి పాతికేళ్లు. ఇక వరసగా వేషాలే అనుకుని ఉంటాడు. వరసగా వచ్చినవి పనులు, వేషాలు కావు. దర్శకుడు సి. పుల్లయ్య దగ్గర చేరి, చిన్న వేషం ఉంటే వేశాడు, లేకపోతే నిర్మాణం పనులు చూసుకున్నాడు. ఏళ్లు గడిచాయి. తనకంటే వెనకొచ్చినవాళ్లు ముందుకు పోయారు. 1948లో ‘వింధ్యరాణి’, 1949లో ‘కీలుగుర్రం’లో కొంచెం చోటు దొరికింది. ఆ ఏడాది చివర వాహినీవారి ‘గుణసుందరి కథ’ వచ్చింది. దర్శకుడు కె.వి. రెడ్డి. రాజుగారి ఇద్దరు దురాశ అల్లుళ్లలో ఒకడు రేలంగి, రెండోవాడు వల్లభజోస్యుల శివరాం. ఆ జంట తెరమీదకొస్తే హాలు హాలంతా గొల్లుమంది. మొదటి సినిమాకీ ఈ నవ్వుకీ మధ్య పద్నాలుగేళ్లు. మనిషికి నలభై ఏళ్లు రాబోతున్నాయి.

ఈ పద్నాలుగేళ్లలో ఇంటివాళ్ల మాటలు, ఊరివాళ్ల వెటకారాలు ఎలా ఉంటాయో విడిగా చెప్పక్కర్లేదు. కళల్లోకి పిల్లల్ని పంపిన ప్రతి ఇంట్లోనూ ఆ మాటలు ఇప్పటికీ వినిపిస్తాయి.

మళ్లీ ఘంటసాల దగ్గరికి. అత్తవారి ఊరు పెదపులివర్రు. సినిమా రచయిత సముద్రాల రాఘవాచార్యులది కూడా ఆ ఊరే. ఆయన ఆ ఊరి అల్లుడి పాట విన్నాడు, మద్రాసు రమ్మన్నాడు. ఘంటసాల వెళ్లాడు. సముద్రాల ఇల్లు చిన్నది, ఇంట్లోవాళ్లకు ఇబ్బంది ఎందుకని త్యాగరాయనగర్‌లోని పానగల్ పార్కుకు మకాం మార్చాడు. రాత్రి అక్కడ పడక, పగలంతా స్టూడియోల చుట్టూ తిరుగుడు. గుడి అరుగు మీద నిద్రపోయినవాడికి పార్కు కొత్తేమీ కాదు. కాకపోతే అప్పుడు ఒంటరి, ఇప్పుడు పెళ్లాం ఊళ్లో ఎదురుచూస్తోంది.

సముద్రాల పూనుకుని రేడియోలో పాడించాడు. పేకేటి శివరాం చొరవతో గ్రామఫోను రికార్డు వచ్చింది. ‘సీతారామ జననం’లో గుంపులో గొంతు కలిపి, చిన్న వేషమూ వేశాడు. 1945లో బి.ఎన్. రెడ్డి ‘స్వర్గసీమ’లో భానుమతి పక్కన నిలబడి పాడాడు. అక్కణ్ణుంచి నాలుగేళ్లలో ‘కీలుగుర్రం’, ‘మనదేశం’ సినిమాలకు సంగీత దర్శకుడయ్యాడు.

‘కీలుగుర్రం’ అన్నాను కదా, ఈ ఇద్దరూ అందులో ఉన్నారు. ఒకరు పాట కట్టినాయన, ఒకరు అప్పటికింకా చిన్న వేషగాడు. అసలు ముచ్చట 1951లో ‘పాతాళ భైరవి’లో జరిగింది. అందులో రేలంగి రాజుగారి బావమరిది శూరసేనుడు. రాకుమారి మీద వలపుతో పాటందుకునే సన్నివేశం ఉంది. సంగీత దర్శకుడు ఘంటసాలే. ఆయన కావాలంటే ఆ పాట తనే పాడొచ్చు, లేదా మరో గాయకుడిచేత పాడించొచ్చు. రేలంగిచేతే పాడించారు. ఆ పాట ఇంకో గొంతుతో వచ్చి ఉంటే అందులో సగం హాస్యం పోయేది. సంగీతం తెలిసినవాడు మాత్రమే అంత కుదురుగా తమాషా చేయగలడు. తండ్రి నేర్పిన పాట తెరమీద అక్కరకొచ్చింది. నాలుగేళ్ల తర్వాత ‘మిస్సమ్మ’లో బిచ్చమెత్తే దేవయ్యగా కూడా తన పాట తనే పాడుకున్నాడు.

ఘంటసాల నాటక పద్యానికి చేసిన మేలు కూడా చెప్పాలి. రంగస్థలం మీద పద్యం చివర రాగం తీస్తూ పోతే అర్థం ఎక్కడో తప్పిపోయేది. ఆయన రాగాన్ని తగ్గించి మాటను నిలబెట్టాడు. చదువురాని రైతుక్కూడా పద్యం అర్థమైంది. మాధుకరం ఎత్తిన వీధుల్లో మామూలు జనం మధ్య బతికినందువల్లే ఆయనకు ఆ చూపు వచ్చిందనిపిస్తుంది నాకు. రుజువు చూపమంటే చూపలేను.

గురువుగారి రుణం సంగతి. సీతారామశాస్త్రిగారి అబ్బాయి పట్రాయని సంగీతరావు మద్రాసు వచ్చి ఘంటసాల దగ్గర సహాయకుడిగా చేరారు. హార్మోనియం పెట్టె ముందు కూర్చుని, ఘంటసాల చివరి రోజుల వరకూ వెన్నంటి ఉన్నారు.

డబ్బు, పేరు వచ్చాక రేలంగి తాడేపల్లిగూడెంలో సినిమా హాలు కట్టించి ‘రేలంగి చిత్రమందిర్’ అని పేరు పెట్టుకున్నాడు. వేషం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన మనిషికి, సొంత తెర ఒకటి ఉండాలనుకోవడంలో తప్పేముంది?

1970లో భారత ప్రభుత్వం పద్మశ్రీలు ప్రకటించింది. ఆ జాబితాలో ఘంటసాల పేరుంది, రేలంగి పేరూ ఉంది. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల, మరుసటి ఏడాది నవంబరులో రేలంగి కన్నుమూశారు.

ఈసారి టీవీలో ‘పాతాళ భైరవి’ వస్తే శూరసేనుడి పాట దగ్గర ఛానల్ మార్చకండి. పక్కన పిల్లలుంటే ఆ గొంతు ఎవరిదో, ఆ బాణీ ఎవరిదో చెప్పండి.