జాబితాలో చేరితే భవనం నిలుస్తుందా? హైదరాబాద్ 13వ నిబంధన అనుభవం

2015 డిసెంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం ఒక జీవో ఇచ్చి, హైదరాబాద్ జోనింగ్ నిబంధనల్లోంచి 13వ నిబంధనను తొలగించింది. అంతకు ఇరవై ఏళ్ల ముందు, 1995 డిసెంబర్‌లో, అది పుట్టింది కూడా ఒక జీవోతోనే. 1981 నాటి హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) జోనింగ్ నిబంధనలకు అప్పట్లో దాన్ని జత చేశారు. 1995లోనే బొంబాయి నగరానికి మహారాష్ట్ర ప్రభుత్వం వారసత్వ నిబంధనలు తెచ్చింది. దేశంలో ఈ తరహా నిబంధనలకు అదే మొదలు, హైదరాబాద్ నెలల తేడాతో ఆ బాట పట్టింది. పెట్టడానికీ తీయడానికీ ఒక్కో ఉత్తర్వు చాలిన ఈ నిబంధన మధ్యకాలంలో నిజంగా ఏమైనా కాపాడిందా అన్నది ఈ వ్యాసం అడిగే ప్రశ్న.

ముందు దాని తీరు చెప్పాలి. పురావస్తు శాఖ చట్టాలు కోటలకు, గుళ్లకు, సమాధులకు వర్తిస్తాయి. జనం కాపురం ఉంటున్న దేవిడీ (నవాబుల కాలపు భవంతి), ఆసుపత్రి, అంగడి, బడి ఆ చట్టాల్లో ఇమడవు. వాటికి నగర ప్రణాళిక చట్టమే దారి. జాబితాలో చేర్చిన కట్టడాన్ని కూల్చాలన్నా, రూపం మార్చాలన్నా, పక్కన కొత్త భాగం కట్టాలన్నా హుడా ముందస్తు అనుమతి కావాల్సి ఉండేది. అనుమతికి ముందు వారసత్వ పరిరక్షణ కమిటీ సలహా తీసుకోవాల్సి ఉండేది. సొత్తు యజమానిదే, వాడుక యజమానిదే, కూల్చే హక్కు మీద మాత్రం అదుపు ఉండేది. 1998లో తొలి జాబితా వెలువడింది. తరువాతి చేర్పులతో కట్టడాలు సుమారు 150 అయ్యాయి, వాటితోపాటు 9 శిలా సముదాయాలు కూడా. దుర్గం చెరువు చుట్టూ ఉన్న గుట్టలను, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని పుట్టగొడుగు రాయిని కూడా జోనింగ్ నిబంధన కిందికి తేవడం అప్పటి అధికారుల దూరదృష్టి. బండరాళ్లను పగలగొట్టి ప్లాట్లు వేసుకునే నగరంలో రాయిని వారసత్వంగా గుర్తించడానికి కొంత తెగువ కావాలి.

వీధి రూపాన్ని నిబంధనతో అదుపు చేయడం హైదరాబాద్‌కు కొత్త కాదన్నది గుర్తుంచుకోవాలి. 1908 మూసీ వరదల తరువాత 1912లో ఏర్పడ్డ నగరాభివృద్ధి సంస్థ పత్తర్‌గట్టీ దారిని వెడల్పు చేసి, రెండు వైపులా ఒకే తీరు రాతి తోరణాలతో దుకాణాల వరస కట్టించింది. ఇప్పుడు వారసత్వం అని మనం చూపించే ఆ వీధి ఒకనాటి రోడ్డు విస్తరణ ఫలమే. పాతదాన్ని తీసేసిన ప్రతి చోటా నష్టమే జరిగిందని చెప్పేవారు ఈ వీధిని ఒకసారి లెక్కలోకి తీసుకోవాలి.

ఇక సాక్ష్యం సంగతి. ఫలానా భవనం జాబితాలో ఉంది, ఇప్పటికీ నిలబడి ఉంది, కాబట్టి జాబితా పనిచేసింది అనే వాదన తరచూ వినిపిస్తుంది. ఇది బలహీనమైన వాదన. జాబితాకు ఎంచుకున్నవి ఎలాగూ పేరున్న కట్టడాలు, చాలావరకు గట్టి కట్టడాలు, అనేకం ప్రభుత్వం చేతిలో ఉన్నవి. నిబంధన లేకపోయినా వాటిలో కొన్ని నిలిచేవే. చౌమహల్లా ప్యాలెస్ 2010లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం పొందేంతగా బాగుపడింది. అయితే అందుకు ప్రధాన కారణం యజమానుల పూనిక, పెట్టిన డబ్బు. నిబంధన కూల్చకుండా ఆపగలదు, పైకప్పు కారకుండా ఆపలేదు. కూలిపోయినవాటిని చూపి నిబంధన విఫలమైందనడం కూడా అంతే తొందరపాటు. నిబంధన లేకుంటే ఇంకెన్ని పోయేవో లెక్క కట్టే మార్గం లేదు. కాబట్టి నిబంధనకు, కూల్చివేత నిర్ణయానికి నేరుగా ఘర్షణ వచ్చిన సందర్భాలనే చూడాలి.

అలాంటి సందర్భాల్లో స్పష్టమైనది ఇర్రం మంజిల్. పందొమ్మిదో శతాబ్దంలో నవాబ్ ఫక్రుల్ ముల్క్ కట్టించిన మహల్ అది. అక్కడ కొత్త శాసనసభ భవనం కట్టాలని 2019 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది, అదే నెలలో శంకుస్థాపన జరిగింది. 13వ నిబంధన రద్దయింది, 2017లో కొత్త వారసత్వ చట్టం వచ్చింది, కాబట్టి ఈ భవనానికి రక్షణ లేదన్నది ప్రభుత్వ వాదన సారాంశం. 2019 సెప్టెంబర్ 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. పట్టణాభివృద్ధి చట్టాలను, జోనింగ్ నిబంధనలను పట్టించుకోకుండా తీసుకున్న నిర్ణయం నిలవదని చెప్పింది. అంటే మంజిల్‌ను కాపాడింది స్మారక చట్టం కాదు. 13వ నిబంధన పోయినా ప్లానింగ్ కాగితాల్లో మిగిలిన జోనింగ్ నిబంధనలే ఆదుకున్నాయి.

దీని పక్కన సచివాలయాన్ని పెట్టి చూడాలి. ఆరో నిజాం కాలంలో 1888లో కట్టిన సైఫాబాద్ ప్యాలెస్ పాత సచివాలయ ప్రాంగణంలో ఉండేది. 2020 జూన్ చివర సచివాలయ కూల్చివేతపై వేసిన పిటిషన్లను హైకోర్టు తోసిపుచ్చింది, జూలైలో మిగతా బ్లాకులతోపాటు ఆ భవనమూ నేలమట్టమైంది. అదే హైకోర్టు, ఏడాది లోపు రెండు తీర్పులు. జోనింగ్ రక్షణ ఉంటే ఇలా, లేకుంటే అలా అని సూత్రం చెప్పాలని ఎవరికైనా అనిపిస్తుంది. అంత గట్టిగా చెప్పలేం. సచివాలయం కేసులో వాదం ప్రధానంగా ప్రభుత్వ విధాన నిర్ణయం చుట్టూ తిరిగింది, ఇర్రం మంజిల్ కేసులో వారసత్వమే కేంద్రం. ఒకటి మాత్రం ధైర్యంగా అనవచ్చు: కోర్టు పట్టుకోవడానికి ఒక నిర్దిష్టమైన నిబంధన దొరికిన చోట కూల్చివేత ఆగింది.

ఉస్మానియా ఆసుపత్రి ఇంకో రకం పాఠం. 2015 జూలైలో పాత భవనాన్ని కూల్చి బహుళ అంతస్తులు కట్టాలన్న ప్రతిపాదన వచ్చింది, నిరసనలూ వచ్చాయి. ఆ డిసెంబర్‌లోనే 13వ నిబంధన పోయింది. ఒకదాని కోసమే ఇంకొకటి అని చెప్పడానికి ఆ తేదీలు చాలవు, వరసను మాత్రం గమనించకుండా ఉండలేం. 2020 జూలై వానల్లో వార్డుల్లోకి నీళ్లు చేరాక పాత భవనాన్ని ఖాళీ చేశారు. చివరికి 2025 జనవరి 31న కొత్త ఆసుపత్రికి గోషామహల్‌లో శంకుస్థాపన చేశారు. అంటే పదేళ్లు సాగిన వివాదానికి పరిష్కారం వేరే స్థలం రూపంలో దొరికింది. ఆ స్థలం వెతకడం 2015లోనే మొదలై ఉంటే రోగులకు ఎంత మేలు జరిగేదో పాఠకులే అంచనా వేసుకోవచ్చు.

పైన చెప్పిన మూడు సందర్భాల్లోనూ కూల్చాలనుకున్నది ప్రభుత్వమే. వారసత్వ నిబంధనలపై మన చర్చంతా అత్యాశ యజమాని చుట్టూ, బిల్డర్ చుట్టూ తిరుగుతుంది. హైదరాబాద్‌లో కోర్టుకెక్కిన పెద్ద ఘర్షణలు మాత్రం ఆ బొమ్మకు సరిపోవు. ప్రైవేటు దేవిడీలు వివాదం లేకుండానే వాటాలుగా విడిపోయి, ఒక్కో గది చొప్పున మాయమవుతాయి, వాటికి పిటిషన్ వేసేవారుండరు. కాబట్టి కోర్టు కేసులే చూస్తే ప్రభుత్వం పాలు ఎక్కువగా కనిపిస్తుందన్న జాగ్రత్త అవసరం.

ఆ ప్రైవేటు యజమానికి చట్టం ఏమిచ్చింది? అభివృద్ధి హక్కుల బదలాయింపు, వాడుకలో టీడీఆర్. స్థలంలో కట్టుకోలేని విస్తీర్ణాన్ని ధ్రువపత్రంగా తీసుకుని ఇంకో చోట కట్టేవారికి అమ్ముకోవచ్చు. ఈ ఆలోచనకు చట్టపరమైన బలం న్యూయార్క్‌లో దొరికింది. 1963లో పెన్సిల్వేనియా స్టేషన్ కూల్చివేత మొదలయ్యాక రేగిన ఆగ్రహం 1965లో నగర స్మారక చట్టానికి దారితీసింది. గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ మీద ఆకాశహర్మ్యం కట్టనివ్వలేదని యజమాని సంస్థ వేసిన కేసులో అమెరికా సుప్రీంకోర్టు 1978లో 6-3 మెజారిటీతో నగరం పక్షాన నిలిచింది. బదలాయించుకునే హక్కులు ఉండటం కూడా ఆ తీర్పులో ఒక అంశం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2012 భవన నిబంధనల్లోనూ వారసత్వ భవనాలకు టీడీఆర్ ఉంది. అయినా ఇక్కడ అది ముంబైలోలా పనిచేస్తుందని ఆశించడానికి లేదు. కారణం లెక్కల్లో ఉంది. ముంబై దీవి నగరంలో స్థలానికి 1.33 రెట్లు, శివార్లలో ఒక రెట్టు మించి కట్టకూడదన్న పరిమితి దశాబ్దాలపాటు నడిచింది. విస్తీర్ణం కరువైన చోట ధ్రువపత్రానికి గిరాకీ ఉంటుంది. హైదరాబాద్‌లో 2006 నిబంధనలు ఆ పరిమితినే ఎత్తేశాయి. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ స్థలమే ఎత్తును నిర్ణయిస్తాయి. ఎంతైనా కట్టుకోగలిగిన బిల్డర్ పక్కవాడి హక్కు ఎందుకు కొంటాడు? అదనపు అంతస్తులాంటి సడలింపుల కోసం కొంత కొంటారు. రోడ్ల విస్తరణలో స్థలం ఇచ్చినవారి ధ్రువపత్రాలూ అదే బజారులో పోటీకి నిలుస్తాయి. పాత ఇల్లు నిలబెట్టుకోవడానికి నెలనెలా ఖర్చు పెట్టే యజమానికి అది పెద్ద ఊరట కాదు.

వారసత్వ ప్రాంతంగా ప్రకటిస్తే భూమి ధర పడిపోతుందా అన్నదానిపై విదేశాల్లో మంచి అధ్యయనాలున్నాయి. న్యూయార్క్ గణాంకాలతో 2016లో వెలువడ్డ పరిశోధన ప్రకారం, ప్రకటించిన ప్రాంతం సరిహద్దుకు బయట, పక్కనే ఉన్న ఆస్తుల విలువ పెరిగింది. లోపలివాటికి ఫలితం మిశ్రమం: ఎత్తుగా కట్టే అవకాశానికి పెద్దగా విలువ లేని చోట లాభం, ఉన్న చోట లాభం తక్కువ. లోపల కొత్త నిర్మాణం కూడా తగ్గింది. 1967 చట్టంతో పరిరక్షణ ప్రాంతాలు మొదలైన ఇంగ్లండ్‌పై జరిగిన మరో పరిశోధన కూడా ఇదే దిశలో ఉంది: లోపల ధరపై నికర ప్రభావం దాదాపు లేదు, వెలుపల కొంత పెరుగుదల. అంటే భారం లోపలివారిది, ఫలం కొంత బయటివారిది. ఆ నగరాల్లో హక్కు పత్రాలు స్పష్టం, అద్దె బజారు పారదర్శకం. పది మంది వారసుల పేర్లున్న మన పాతబస్తీ ఇంటికి ఆ అంకెలను ఉన్నవి ఉన్నట్లు అన్వయించలేం. భారం ఎవరిది, ఫలం ఎవరిది అన్న ప్రశ్నను మాత్రం అరువు తెచ్చుకోవచ్చు.

నిబంధన ఎంత కఠినమైతే రక్షణ అంత ఎక్కువ అనుకోవడానికీ ఆధారం లేదు. కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్లు నిషిద్ధం, ఆపై 200 మీటర్లు నియంత్రితం అని 2010 సవరణ చెబుతుంది. చార్మినార్‌కైనా, పొలాల మధ్యనున్న కోటకైనా అదే కొలత. మరోవైపు 2013లో కాగ్ తనిఖీ చేసిన 1,655 కేంద్ర రక్షిత కట్టడాల్లో 92 కనిపించలేదు. అంత గట్టి చట్టం ఉండి కూడా వెళ్లి చూసేవాడు లేక ఇలా జరిగింది.

కాబట్టి నా నిర్ణయం పరిమితమైనదే. జోనింగ్ నిబంధన ఒంటరిగా భవనాన్ని నిలబెట్టదు, అది లేకుంటే మాత్రం నిలబెట్టాలనుకున్నవారికి కోర్టులో పట్టు దొరకదు. తెలంగాణ 2017 చట్టాన్ని అమలు చేసే వారసత్వ సంస్థ ముందుగా చేయాల్సింది పాత జాబితాలోని ప్రతి కట్టడానికి సర్వే నంబరు, ఫొటో, నేటి స్థితి నమోదు చేసి ప్రజల ముందు పెట్టడం. తన సొంత భవనాన్ని కూల్చాలనుకున్న శాఖ కూడా మామూలు యజమానిలాగే ముందు దరఖాస్తు చేసుకోవాలి, అభ్యంతరాలు వినాలి. జాబితాలోంచి పేరు తీసేయడం శాసనసభ ముందుకు రాకుండా, ఒక్క జీవోతో జరగకూడదు.