పక్కన పోటీదారు లేని పందెం

శివరాత్రి తిరునాళ్లకు నంద్యాల నుంచి మహానందికి రండి. కోనేట్లో మునిగి, స్వామిని చూసుకుని బయటికొచ్చేసరికి మైకు మిమ్మల్ని పిలుస్తుంటుంది. నల్లమల పాదాల దగ్గర చదును చేసిన నేల, రెండు కొసలా సున్నపు గీతలు, మధ్యలో రాతిబండ. ముందు వరసలో చోటు దొరికితే వదలకండి.

ఆళ్లగడ్డ వైపు నుంచి లారీలో వచ్చిన జత కాడి కిందికి వస్తోంది. శిల్పులు రాయిని దేవుడిగా చెక్కే ఊరది. ఇవాళ ఆ దిక్కు ఎడ్లు రాయిని లాగడానికి వచ్చాయి. ఒంగోలు జాతి, తెల్లటి ఒళ్లు, మూపురం దగ్గర బూడిద రంగు. గొలుసు బిగించారు. ఈల మోగింది.

బండ కదిలే ఆ క్షణం చూడాలి. ముందు గొలుసు కిర్రుమంటుంది. వెనక కాళ్ల గిట్టలు మట్టిలోకి దిగుతాయి, తొడల కండలు మోకుల్లా పేనుకుంటాయి, మెడలు నేలకు వంగుతాయి. అప్పుడు కదులుతుంది బండ. రాయీ నేలా ఒరుసుకునే ఆ అదురు మీ అరికాళ్లకు తెలుస్తుంది. ఒకసారి కదిలాక నడుస్తుంది, ఆగిన బండను మళ్లీ లేపడమే కష్టం. అందుకే కొసన మలుపు తిప్పేటప్పుడు జనమంతా లేచి నిలబడతారు.

పక్కన ఇంకో జత లేదు. ఈ పందెంలో నన్ను కట్టిపడేసేది అదే. పెద్ద ఎడ్ల విభాగంలో సాధారణంగా జతకు 20 నిమిషాలు, ఆలోపు ఎంత దూరం లాగితే అంత. పొద్దున లాగిన జత ఎన్ని అడుగులు పోయిందో మైకు చెబుతూనే ఉంటుంది, ఆ జత మాత్రం చెట్టు కింద మేత మేస్తుంటుంది.

పడవ పందేల్లోనూ ఈ పద్ధతి ఉంది. లండన్‌లో థేమ్స్ నది మీద స్టీవ్ ఫెయిర్‌బెయిర్న్ 1926లో మొదలుపెట్టిన ‘హెడ్ ఆఫ్ ది రివర్’ పందెంలో ఎనిమిదేసి మంది తెడ్లు వేసే పడవలు ఒకదాని వెనక ఒకటి, సెకన్ల తేడాతో బయల్దేరతాయి. దూరం సుమారు 6.8 కి.మీ. ఎవరు ముందు చేరారని కాదు, ఎవరికి తక్కువ సమయం పట్టిందని లెక్క. అక్కడ దూరం ఖాయం, ఇక్కడ సమయం ఖాయం. రెండుచోట్లా దమ్మును చివరిదాకా సర్దుకున్నవాడిదే గెలుపు.

"ఇప్పుడే తోలాకురా అబ్బాయ్! ఇంకా ఎనిమిది నిమిషాలుండాయి!" గీత పక్కనుంచి ఒక పెద్దాయన కేక.

"సరే మామా!"

ఆ మామ మాటలోనే ఉంది ఈ విద్యంతా. మొదటి ఐదు నిమిషాల్లో ఉరికించిన జత పదిహేనో నిమిషానికి నురగ కక్కుతుంది. నిదానంగా తోలినవాడి ఎడ్లకు ఆఖరి రౌండులోనూ అడుగు పడుతుంది.

కానీ ఈలోగా చర్నాకోల ఒకటి గాల్లో చెళ్లుమంది. రెండోది వీపు మీద పడింది. నాకు మనసు చివుక్కుమంటుంది ఇక్కడే. తెడ్డు వేసేవాడు తన నొప్పిని తానే ఎంచుకుని పడవెక్కుతాడు. ఎద్దును ఎవరూ అడగలేదు. కొట్టి తెచ్చుకున్న అడుగులు ఆ ఎడ్ల బలానికి కొలత కావు, తోలేవాడి నేర్పుకీ కావు.

మళ్లీ ఈల. బండ ఆగింది. టేపు పట్టుకుని ఇద్దరు వంగారు, ఒకతను బొటనవేలితో బండ అంచు దగ్గర టేపును నొక్కిపట్టాడు. అడుగులయ్యాక అంగుళాలు. చుట్టూ వందలమంది నోరు మెదపరు. మైకులో అంకె చదవగానే ఆళ్లగడ్డ వాళ్ల తువ్వాళ్లు గాల్లోకి లేచాయి.

అంగుళం దగ్గర ఇంత నిక్కచ్చిగా ఉండగలిగినవాళ్లు దెబ్బల దగ్గర ఉండలేరా? ఎద్దును కొట్టడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా. నిర్వాహకులకు నా మనవి ఒక్కటే: ఈల పట్టుకున్న రెఫరీకి ఇంకో అధికారం ఇవ్వండి. ముల్లు గుచ్చినా, తోక మెలిపెట్టినా, వీపు మీద చర్నాకోల పడినా ఆ జత లెక్కలోంచి అడుగులు కోసేయండి.