బ్రౌను బంగళా

ఇంగ్లండు పల్లెలలో భూస్వామి నివసించే భవంతిని మేనరు గృహమంటారు. ఒకనాడు శిస్తు వసూలుకు, తగవుల తీర్పుకు నెలవులైన ఆ ఇండ్లలో అనేకం కాలక్రమాన బడులుగా, ఆసుపత్రులుగా మారినవి. అటువంటి మార్పులను చూసిన దొర బంగళా ఒకటి మన కడపలోనూ ఉండేది.

చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1798లో కలకత్తాలో పుట్టి, 1820లో కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చినాడు. కోయిలకుంట్ల తాలూకా ఆనాడు కడప జిల్లాలోనిదే. 1858లో కర్నూలు జిల్లాలో చేరినది. కొన్నేండ్లకు బ్రౌను కడపలో 15 ఎకరాల స్థలంతో కూడిన బంగళా ఒకటి కొన్నాడు. ఆ నివాసమే పండితుల పనిశాలగా మారినది.

తాటాకును పురుగు తొలుస్తుంది. నకలు వ్రాసిన కొద్దీ తప్పులు పెరుగుతాయి. అందుచేత ఒకే కావ్యానికి పలుచోట్ల నుండి ప్రతులు తెప్పించి, సరిపోల్చి, పాఠభేదాలను గుర్తించి, కాగితం మీద శుద్ధప్రతి వ్రాయించేవారు. ఈ పనిని అయోధ్యాపురం కృష్ణారెడ్డి పర్యవేక్షించినాడు. పండితుల జీతాలను బ్రౌను తానే భరించినాడు. అందుకై అప్పులపాలైనాడు కూడా.

1855లో బ్రౌను ఇంగ్లండుకు వెళ్లిపోయినాడు, 1884లో మరణించినాడు. బంగళా శిథిలమై మొండిగోడలు మిగిలినవి. జానమద్ది హనుమచ్ఛాస్త్రి ప్రభృతులు పూనుకొనగా, ఆ స్థలంలో 1987లో శంకుస్థాపన జరిగి, 1995లో గ్రంథాలయం వెలసినది. నేడది యోగి వేమన విశ్వవిద్యాలయపు భాషా పరిశోధన కేంద్రం. వేమన పద్యాలను 1829లో అచ్చువేయించినవాని ఇంటి స్థలం ఆ కవి పేరిటి విద్యాలయానికి చెందడం ఎంతో ఉచితం.

బంగళా గోడలు నిలువలేదు. బ్రౌను చేర్చిన ప్రతులు మాత్రం చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో నిలిచినవి. కూలిన ఇంటి చోట గ్రంథాలయం లేచినది ఆ ప్రతుల పుణ్యాననే.